అద్దాల బేరం: కర్నూలు నుంచి కడపదాకా

తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి అద్దాల బేరంతో యేమి పని అని మీరడగవచ్చు. ఆ మాటే నేను మా బావమరిదిని అడిగాను. "నువ్వు పక్కనుంటే మాట నిలుస్తాది బావా!" అన్నాడు. బజారులో నా మాట యెంతవరకు నిలుస్తుందో మా యింటి కూరగాయల సంచీకి బాగా తెలుసు. అయినా బావమరిది పిలిచినప్పుడు వెళ్ళకపోతే వాడికంటే ముందు వాళ్ళ అక్కకు కోపం వస్తుంది. అందుచేత బయలుదేరాను. ఆవిడా బయలుదేరింది.

మా బావమరిదికి మైదుకూరులో భోజన హోటలు వున్నది. కర్నూలు నుంచి కడపకు పోయే రోడ్డు మీద వున్న వూరు గనుక, దారిన పోయేవాళ్ళూ, బ్రహ్మంగారి మఠానికి మళ్ళే యాత్రికులూ, పసుపు బేరగాళ్ళూ, పెళ్ళివాళ్ళూ అక్కడ ఆగుతారు. నాలుగేళ్ళ క్రితం హోటలు మీద ఆరు గదులు వేశాడు. ఇప్పుడు బ్యాంకులో అప్పు చేసి, చాలనిదానికి భార్య గాజులు కుదువపెట్టి, మరి పద్దెనిమిది గదులు కట్టిస్తున్నాడు. అన్నీ కలిసి ఇరవై నాలుగు గదులు, ఇరవై నాలుగు స్నానాల గదులు. వాటికి ఇరవై నాలుగు అద్దాలు కావాలి.

పాత ఆరు గదులకు అద్దాలు లేవా అంటే వున్నాయి. వాటి కథే యీ ప్రయాణానికి మూలం. క్రిందటి మాఘమాసంలో ఒక పెళ్ళివారు ఆ గదుల్లో దిగారు. తెల్లవారుజామున పెళ్ళికూతురు అద్దంలో చూసుకుంటూ బొట్టు పెట్టుకోబోయింది. సరిగ్గా బుగ్గ దగ్గర నల్లటి మచ్చ! తుడిచింది, పోలేదు. అది బుగ్గ మీది మచ్చ కాదు, అద్దంలోది. మేనత్త చూసి, "శుభమా అని ముఖం చూసుకుంటే యిదేం అపశకునం!" అన్నది. పలహారం కూడా ముట్టకుండా పెళ్ళివారు మరో లాడ్జికి వెళ్ళిపోయారు. ఆ కబురు వూళ్ళో పాకింది. ఆ తరువాత నాలుగు నెలలపాటు పెళ్ళి బేరం ఒక్కటీ రాలేదని మావాడు చెప్పుకుని బాధపడ్డాడు.

ఇప్పుడు వాడి ఫోనులో ఒక దూరపు నగరం వర్తకుడు పంపిన బొమ్మ వున్నది. రెండున్నర అడుగుల వెడల్పు, మూడున్నర అడుగుల పొడుగు, చుట్టూ మెరిసే అంచు. ఇరవై నాలుగు తీసుకుంటే బజారు ధరలో సగానికే ఇస్తాడట. డబ్బు మాత్రం ముందే పంపాలి. వాడికి ఆశా వున్నది, భయమూ వున్నది. ఆ భయానికి తోడుగా నన్ను పిలిచాడు.

ముందు కర్నూలులోనే విచారిద్దామనుకుని కొండారెడ్డి బురుజు దగ్గరి వీధుల్లో తిరిగాము. కర్నూలుకు బసల సంగతి కొత్త కాదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయినప్పుడు చోటు చాలక ప్రభుత్వ కార్యాలయాలనే డేరాల్లో పెట్టుకున్న వూరు ఇది. 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదుకు తరలింది. డేరాలు పోయి యిప్పుడు వీధివీధికీ లాడ్జీలు వచ్చాయి. పెద్దాసుపత్రికి రోగుల వెంట వచ్చేవాళ్ళు, మంత్రాలయానికి పోయేవాళ్ళు, కోర్టు పనుల వాళ్ళు యెప్పుడూ వుంటారు.

ఒక అద్దాల కొట్టులో వయసు మళ్ళిన సాయిబుగారు కూర్చుని వున్నారు. మావాడు ఫోను చూపించాడు. ఆయన బొమ్మ చూడలేదు, కొలత చూశారు. అట్టముక్క తీసి పెన్సిలుతో గీశారు.

"చూడండి సార్. ఎనిమిదడుగులు, ఆరడుగులు. మాకు వచ్చే అద్దం షీటు ఇది. ఇందులో రెండున్నర, మూడున్నర కోస్తే యెన్ని వస్తాయి?"

నేను లెక్క వేస్తుండగానే మా ఆవిడ "అయిదు" అన్నది.

"అయిదే అమ్మా. నలభై ఎనిమిది చదరపుటడుగుల్లో నాలుగడుగుల పైన ముక్కల కింద పోతాది. అదే రెండడుగులు, మూడడుగులు కోయండి. ఎనిమిది వస్తాయి. ఒక్క ముక్క మిగల్దు."

అంటే ఇరవై నాలుగు అద్దాలకు మూడు షీట్లు చాలు. మావాడు మోజుపడ్డ కొలతకు అయిదు కావాలి. అద్దం ఒకటిన్నర రెట్లు కూడా పెరగలేదు, షీట్ల ఖర్చు ఒకటిన్నర రెట్లు దాటింది! పదుల లెక్కన కొనేవాడు ముందు అడగవలసింది ధర కాదు, షీటులో యెన్ని తెగుతాయి అని. అంచులు సాన పట్టేటప్పుడు రెండు మూడు మిల్లీమీటర్లు తగ్గుతుంది గనుక గోడకు ఆ లెక్క చెప్పుకోవాలని కూడా ఆయన హెచ్చరించారు.

మావాడు వెంటనే అడ్వాన్సు తీయబోయాడు. ఆయన చేయి అడ్డం పెట్టారు. "మీది మైదుకూరు గదా, కడపలో తీసుకోండి. దారిలో పగిలితే మార్చుకోను కడపకు పోవచ్చు, నా దగ్గరికి రాలేరు. కొనేముందు ఆ పాత అద్దాలు పీకి వెనకవైపు చూడండి. యెందుకు చెడినాయో తెలియకపోతే కొత్తవీ అట్లనే చెడతాయి."

చేతికి వచ్చిన బేరాన్ని వదులుకున్న వర్తకుణ్ణి నేను చాలాకాలానికి చూశాను.

పాణ్యం, నంద్యాల, ఆళ్ళగడ్డ మీదుగా మా ప్రయాణం. కర్నూలు నుంచి కడపకు సుమారు 200 కిలోమీటర్లు. కారు అద్దంలోంచి చూస్తే యెర్రమట్టి, నల్లరేగడి, దూరంగా నల్లమల కొండలు, రోడ్డు పక్కన బండలు పేర్చిన లారీలు. ఈ సీమ నేలలో చాలా మేర సున్నపురాయే. భూగర్భ శాస్త్రజ్ఞుడు విలియం కింగ్ 1872లోనే యీ కడప, కర్నూలు రాళ్ళ పొరలను గురించి పెద్ద గ్రంథం రాశాడు. ఆ రాతినే బేతంచెర్లలో నేల పరుపుకు కోస్తారు, యెర్రగుంట్లలో సిమెంటుకు పొడి చేస్తారు. నల్లటి కడప బండ దక్షిణాదిన యెన్ని వంటిళ్ళలో గట్టుగా వున్నదో చెప్పలేము.

అద్దంలో కూడా సున్నపురాయి వున్నదని చాలామందికి తెలియదు. ఇసుక, సోడా, సున్నపురాయి, డోలమైటు కలిపి కరిగిస్తేనే గాజు. తెల్ల ఇసుక మన గూడూరు ప్రాంతంలో, చిల్లకూరు, కోట మండలాల్లో దొరుకుతుంది. చెన్నై దగ్గర శ్రీపెరుంబుదూరులో 2000 సంవత్సరం నుంచి పెద్ద గాజు కర్మాగారం నడుస్తున్నది. కరిగిన గాజును కరిగిన తగరం మీద తేల్చి పలకలుగా తీస్తారు. ఇంగ్లండులో పిల్కింగ్టన్ సంస్థ 1959లో లోకానికి ప్రకటించిన పద్ధతి ఇది. నా చిన్నతనంలో మా వూరి మంగలి దుకాణంలోని పాత అద్దంలో ముఖం సొరకాయలాగా సాగేది. ఆ వంకర పోయి అద్దం సమంగా రావటం యీ తగరపు మడుగు పుణ్యమే.

మైదుకూరు చేరి, స్నానాల గదిలోని పాత అద్దం ఒకటి వూడదీయించాము. ముందువైపు అంచుల నుంచి లోపలికి పాకిన నల్లమచ్చలు. వెనక్కి తిప్పితే సంగతి తెలిసింది. క్రింది అంచున రంగు పొక్కి లేచింది. గోడకు అంటించిన జిగురు పడిన చోటల్లా వెండి పొర తినివేసినట్టు పోయింది.

మన వాళ్ళు దీన్ని "రసం పోయింది" అంటారు. వెనుకటి రోజుల్లో తగరపు రేకు మీద పాదరసం పూసి అద్దాలు చేసేవారు గనుక ఆ మాట. 1835లో జర్మనీ రసాయన శాస్త్రవేత్త లీబిగ్ గాజు మీద వెండిని సన్నటి పొరగా దింపే పద్ధతి కనుక్కున్న తరువాత క్రమంగా పాదరసం పోయింది. మాట మాత్రం వుండిపోయింది. ఇప్పటి మంచి అద్దానికి గాజు, దాని వెనుక వెండి, వెండిని కాపాడటానికి చాలావాటిలో రాగి పొర, ఆపైన రంగు పూతలు వుంటాయి. చవక రకాల్లో వెండికి బదులు అల్యూమినియం వుంటుంది. అందులో ముఖం కొంచెం మసకగా కనబడుతుంది.

ఇంతలో గదులు కడిగే కుర్రవాడు సీసా పట్టుకుని వచ్చాడు. మూత తీయగానే ముక్కు పుటాలు మండాయి. యాసిడ్! మైదుకూరు బోరు నీళ్ళు సున్నపురాతి మీదుగా వస్తాయి. కుళాయి మీద, బేసిను మీద, పలకల మీద తెల్లటి చారలు కడతాయి. వాటిని వదిలించటానికి ఆ పిల్లవాడు రోజూ యాసిడ్ పోసి, తలుపు దగ్గరగా వేసి, పావుగంట వదిలేస్తాడు. ఆ పొగ అద్దం వెనక్కి పోయి వెండిని తింటుంది.

మా ఆవిడ తమ్ముణ్ణి చూసి, "పెళ్ళికూతురు బుగ్గమీద మచ్చ పెట్టింది యెవరో తెలిసిందా? అద్దాలవాణ్ణి నాలుగు నెలలు తిట్టావు గదరా!" అన్నది. మావాడు తల గోక్కున్నాడు. సగం తప్పు జిగురుది, సగం తప్పు తనది.

మర్నాడు కడప వెళ్ళి ఏడురోడ్ల కూడలికి అవతల ఒక కొట్టులో బేరం చేశాము. ఈసారి యేమి అడగాలో తెలుసు. వెండి అద్దమేనా, మందం అయిదు మిల్లీమీటర్లేనా, వెండి అద్దాలకు వున్న ఐ.ఎస్. 3438 ప్రమాణం ప్రకారం తయారయినదేనా అని అడిగాము. పది అడుగులు వెనక్కి పోయి, అద్దంలో కిటికీ వూచలు తిన్నగా కనబడుతున్నవో లేదో ఓరగా చూశాము. ఒక పలకను వెనక్కి తిప్పమంటే కొట్టతను నవ్వి, "ఇన్నేండ్లలో వెనకవైపు చూపియ్యమన్న వాళ్ళు తక్కువ సార్" అన్నాడు.

అద్దం కోసేటప్పుడు చూడటం ఒక ముచ్చట. కోసే మనిషి చిన్న చక్రపు ఉలితో బద్ద పక్కన ఒకే గీత గీస్తాడు. మధ్యలో ఆపడు, రెండోసారి గీయడు. తరువాత బల్ల అంచుకు తెచ్చి మెల్లగా నొక్కుతాడు. టక్కుమని గీత వెంబడే విడిపోతుంది. మూడు షీట్లు, ఇరవై నాలుగు ముక్కలు, ఒక్కటి చెడలేదు. తూస్తే ఒక్కొక్కటి సుమారు ఏడు కిలోలు వున్నది. మధ్య కాగితం పెట్టి, చెక్క చట్రంలో నిలబెట్టి బండి యెక్కించారు. పడుకోబెట్టిన అద్దం గతుకుల్లో తన బరువుకు తానే పగులుతుందట.

తగిలించటంలోనూ ఆ కొట్టతని మాట విన్నాము. పులుపు వాసన కొట్టే సిలికాను జిగురు వాడవద్దన్నాడు. అందులోని ఆమ్లం వెండికి పడదు. వాసన లేని న్యూట్రల్ రకం వాడాలి, లేదా మరలతో బిగించి, గోడకూ అద్దానికీ మధ్య గాలి ఆడేటంత సందు వదలాలి. తుడిచే నీళ్ళు అద్దం మీద చిమ్మకూడదు. గుడ్డకు తడిచేసి తుడవాలి, లేకపోతే క్రింది అంచున దిగి వెనక్కి పాకుతాయి.

యెత్తు దగ్గర మాత్రం అక్కా తమ్ముడికి వాదన వచ్చింది. వాడు ఆరడుగుల మనిషి. తన ముఖం కనబడేట్టు గీత గీయించాడు. "నీ లాడ్జికి వచ్చేవాళ్ళంతా నీ అంత వుంటారా? మన అమ్మకు నొసలు కూడా కనబడదు" అని మా ఆవిడ ఒక జానెడు దింపించింది.

మొదటి అద్దం తగిలించిన గదిలోనే ఆ రాత్రి మాకు బస. తెల్లవారి ముఖం కడుక్కుని చూసుకుంటే చెవుల దగ్గరి తెల్ల వెంట్రుకలు లెక్క పెట్టుకునేంత స్పష్టంగా కనిపించాయి. మా ఇంటి అద్దం యిన్నాళ్ళూ నా మీద దయ చూపుతున్నదన్నమాట.

బయట అలికిడి అయితే తలుపు తీశాను. కుర్రవాడు అలవాటు కొద్దీ యాసిడ్ సీసా పట్టుకుని పక్కగదిలోకి పోతున్నాడు. మా బావమరిది ఆ సీసా తీసుకుని క్రిందికి పంపించి, వాడి చేతిలో తడిగుడ్డ పెట్టాడు. "గదిలో చారలు వుంటే గట్టిగా రుద్దురా. ఇంకో గంటలో పెళ్ళివాళ్ళు గది చూసుకోను వస్తాండారు" అన్నాడు.