ఇల్లు అమ్మబడును... సముద్రం ఉచితం!

"ఒరేయ్, నువ్వు సినిమాల గురించి పేజీలు పేజీలు రాస్తావుగా. మా ఇంటి గురించి కూడా నాలుగు ముక్కలు రాసిపెట్టు. అమ్మేద్దామనుకుంటున్నాం."

మావయ్య ఫోనులో ఈ మాట అనేసరికి నేను థియేటర్లో ఉన్నాను. ఇంటర్వెల్. చేతిలో సమోసా. అది గొంతుకి అడ్డం పడింది. సెకండాఫ్‌లో హీరో ఎవర్ని కొట్టాడో, ఎందుకు కొట్టాడో ఇప్పటికీ నాకు తెలీదు!

ఎందుకంటే అది అలాంటిలాంటి ఇల్లు కాదు. విశాఖపట్నం నుంచి భీమిలి వెళ్లే దారిలో, రోడ్డుకీ సముద్రానికీ మధ్య, సరుగుడు తోపు పక్కన ఉంటుంది. 1986లో పునాది తీశారు, 1987లో పాలు పొంగించారు. మావయ్య ఓడరేవులో గుమాస్తా. ఇంజనీరుకి డబ్బివ్వడం దండగని గళ్ల కాగితం మీద తనే ప్లాను గీసుకున్నాడు. ఏ గదిలో కూర్చున్నా సముద్రం కనపడాలి... అదొక్కటే ఆయన షరతు. వంటింట్లో పోపు వేస్తూ అత్తయ్య తలెత్తితే పడవలు కనపడాలి. మంచం మీద పడుకుని కళ్లు తెరిస్తే నీలం కనపడాలి. ముందు వరండా ఎంత పెద్దదంటే, వేసవి సెలవుల్లో పిల్లలం పదిమందిమి అందులో క్రికెట్ ఆడినా సిక్సర్ కొట్టినవాడే బయటికి వెళ్లి బంతి తెచ్చుకోవాలి!

అలాంటి ఇంటికి ప్రకటన రాయడమంటే నాకు కొట్టిన పిండి అనుకున్నాను. ఆ రాత్రే కూర్చుని రాసేశాను.

"అలల సంగీతం... వెన్నెల వరండా... సాయంసంధ్యలో సముద్రంలోకి జారిపోయే ఎర్రని సూర్యబింబం... అన్నీ మీవే! నాలుగు పడగ్గదుల విశాలమైన సాగరతీర సౌధం అమ్మబడును."

మర్నాడు చదివి వినిపిస్తే మావయ్య కాసేపు మాట్లాడలేదు. ఆనందంతో నోట మాట రాలేదనుకున్నాను.

"అన్నీ బాగానే ఉన్నాయి గానీ," అన్నాడు చివరికి, "మన సముద్రంలో సూర్యుడు అస్తమించడం నువ్వెప్పుడు చూశావురా?"

సిగ్గుతో చచ్చిపోయాను. బంగాళాఖాతం మనకి తూర్పున ఉంది. విశాఖలో సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు. కొండల వెనక్కి దిగుతాడు. సముద్రంలో మునిగే సూర్యుణ్ణి చూడాలంటే బొంబాయో, గోవాయో వెళ్లాలి. చిన్నప్పట్నుంచీ సెలవులన్నీ ఆ ఇంట్లో గడిపినవాణ్ణి, ఆ మాత్రం తెలీదా? తెలుసు. కానీ కలం పట్టుకోగానే నేను చూసిన సముద్రం పోయి, తెర మీద చూసిన సముద్రం వచ్చి కూర్చుంది.

ఇందులో ఓ చిన్న కిటుకుంది. విశాఖ తీరంలో సముద్రం వెనకాల సాయంత్రపు సూర్యుడు కనిపించాడంటే, అది తెల్లవారుజామున తీసిన షాటన్నమాట. ఉదయం ఆరింటి సూర్యుడికీ సాయంత్రం ఆరింటి సూర్యుడికీ కెమెరా కంటికి తేడా ఏముంటుంది! ఆ సంగతి నాకు పుస్తకాలు చెప్పలేదు. ఆ వరండాయే చెప్పింది.

1989 చలికాలం. నేను నాలుగో తరగతి. మావయ్య ఇంట్లో ఓ పాట తీస్తామని సినిమావాళ్లు వచ్చారు. ఆ సినిమా పేరు చెప్పను లెండి. చెప్పినా మీకు గుర్తుండదు, మూడో వారం చూడకుండానే వెళ్లిపోయింది పాపం. తెల్లవారుజాము నాలుగున్నరకి జనరేటర్ వ్యాన్ వచ్చి ఆగింది. వరండా ఎర్రగచ్చు మీద ట్రాలీ పట్టాలు పరిచారు. వెండికాగితం అంటించిన రిఫ్లెక్టర్లు పట్టుకుని కుర్రాళ్లు నిలబడ్డారు. పల్చటి చీరలో హీరోయిన్ గజగజ వణుకుతోంది. "సాయంత్రం మూడ్ కావాలమ్మా, హాయిగా నవ్వాలి" అంటున్నాడు డైరెక్టర్. అత్తయ్య ఇచ్చిన వేడి వేడి కాఫీ తాగితే గానీ ఆ అమ్మాయికి నవ్వు రాలేదు.

ఇంకో సంగతి కూడా జరిగింది. హీరోగారు తెల్లప్యాంటు వేసుకుని స్టైలుగా వరండా ఇనుపగ్రిల్‌కి ఆనుకున్నారు. షాట్ అయింది. ఇటు తిరిగేసరికి ప్యాంటు వెనకాల గళ్లుగళ్లుగా ఎర్రటి తుప్పు మరకలు! యూనిట్ అంతా నోళ్లు నొక్కుకున్నారు. కాస్ట్యూమ్స్ చూసే ఆయన పరుగున వచ్చి అత్తయ్యని నిమ్మకాయ అడిగి రుద్దాడు. ఆ రోజు మేమందరం కడుపు చెక్కలయ్యేలా నవ్వుకున్నాం. ఇల్లు కట్టి అప్పటికి రెండేళ్లే. రెండేళ్లకే గ్రిల్ ఎందుకు తుప్పు పట్టిందని మాలో ఒక్కరికీ తోచలేదు.

సముద్రం ఒడ్డున ఇల్లంటే సినిమా మనకి అలాంటి మత్తు ఎక్కించింది మరి! 1978లో బాలచందర్ గారి 'మరోచరిత్ర' బ్లాక్ అండ్ వైట్‌లో వచ్చినా, మా విశాఖ, భీమిలి తీరాలు ఎంతమంది కుర్రకారు కళ్లలో రంగుల్లో నిలిచిపోయాయో! సినిమావాళ్లకి మాత్రం ఆ మోజు లేదా? బొంబాయి బాంద్రాలో కార్టర్ రోడ్డు మీద సముద్రానికి ఎదురుగా ఓ బంగళా ఉండేది. రాజేంద్రకుమార్ దానికి కూతురి పేరు మీద 'డింపుల్' అని పెట్టుకున్నాడు. ఆయన దగ్గర రాజేష్ ఖన్నా కొని 'ఆశీర్వాద్' అని మార్చాడు. దాని ముందు అభిమానులు గుంపులు గుంపులుగా నిలబడేవారు. రాజేష్ ఖన్నా 2012 జూలై 18న పోయాడు. 2014లో ఇల్లు అమ్ముడుపోయింది. 2016లో పడగొట్టారు. కొన్నవాళ్లకి కావలసింది ఆ చోటు. అభిమానులకి కావలసింది ఆ బాల్కనీ. బాల్కనీలో నిలబడిన మనిషిని ఎవరు మాత్రం రిజిస్ట్రేషన్ చేయించుకోగలరు!

సరే, మన కథలోకి వద్దాం. సూర్యుణ్ణి సముద్రంలోంచి తీసేసి, కొండల వెనక్కి పంపించి, ప్రకటన సరిచేసి ఇచ్చాను. రెండో ఆదివారమే ఓ జంట వస్తున్నారని కబురు. "నువ్వు కూడా రారా, నాకు బేరాలు చేతకావు" అన్నాడు మావయ్య. వెళ్లాను.

ఇల్లు తెల్లగా మెరిసిపోతోంది. కొత్తగా రంగులు వేయించారు. "ఎలా ఉందిరా?" అన్నాడు మావయ్య. "పెళ్లికూతురిలా ఉంది" అన్నాను. అత్తయ్య మాత్రం ఏమీ అనలేదు. మోకాళ్లు పట్టుకుని కుర్చీలో కూర్చుంది. అసలు ఇల్లు అమ్మడానికి కారణం ఆ మోకాళ్లే. ఆపరేషన్ చేయించాలి, ఆ తర్వాత హైదరాబాదులో కూతురి దగ్గర ఉండాలి. మావయ్య దగ్గరున్నదంతా ఆ ఇంట్లోనే ఉంది. ఇంట్లో పెట్టిన డబ్బు ఇల్లు అమ్మితే గానీ రాదు.

పై పడగ్గదికి వెళ్లి చూశాను. మంచం కిటికీ దగ్గర ఉండాలి, గోడవారకి జరిపి ఉంది. తలెత్తాను. కొత్త రంగు కింద శ్లాబు ఉబ్బెత్తుగా, దుప్పటి కింద పడుకున్న మనిషిలా ఉంది. కిందికి దిగి మావయ్య వంక చూశాను. ఆయన నా వంక చూడలేదు.

మీకు సంగతి చెప్పాలి. సముద్రపు గాలిలో ఉప్పుంటుంది. అది ఏళ్ల తరబడి సన్నగా కాంక్రీటులోకి దిగుతుంది. లోపలి ఇనుప చువ్వల్ని పట్టుకుంటుంది. ఇనుము తుప్పు పడితే సన్నబడి ఊరుకోదు. ఆ తుప్పు ఇనుముకంటే ఎక్కువ చోటు అడుగుతుంది. లోపల్నుంచి తోస్తుంది. పైనున్న కాంక్రీటు పగిలి పెచ్చులు పెచ్చులుగా ఊడి పడుతుంది. అందుకే తీరప్రాంతపు గాలికి ఎదురుగా ఉండే కాంక్రీటులో చువ్వల మీద కనీసం 45 మిల్లీమీటర్ల మందం ఉండాలని ఇప్పటి ఇంజనీర్ల లెక్క. గళ్ల కాగితం మీద సముద్రం గీసుకున్న మావయ్యకి ఆ మిల్లీమీటర్లు ఎవరు చెప్తారు? దానికి తోడు 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను గంటకి సుమారు 180 కిలోమీటర్ల గాలితో విశాఖ మీద పడ్డప్పుడు, సముద్రం వైపు అద్దాలన్నీ పగిలి ఇల్లంతా ఉప్పునీళ్లతో తడిసింది.

జంట రానే వచ్చారు. ఇద్దరికీ ముప్ఫై దాటి ఉండవు. ఇద్దరివీ ఉద్యోగాలే. బ్యాంకు లోను ఇరవై ఏళ్లు కట్టాలట. ఆ అబ్బాయి వరండాలో అడుగు పెట్టగానే ఆగిపోయాడు.

"సార్... ఇక్కడ ఓ పాట తీశారు కదూ! మా నాన్న దగ్గర క్యాసెట్ ఉండేది. ఎన్నిసార్లు చూశానో!"

మూడో వారం చూడని సినిమాకి ఇన్నేళ్ల తర్వాత ఓ అభిమాని! మావయ్య ముఖం వెలిగిపోయింది. హీరో నిలబడ్డ చోటు, ట్రాలీ పట్టాల గీతలు, అన్నీ చూపించాడు. ఆ అమ్మాయి సముద్రం వైపు చూస్తూ అలాగే నిలబడిపోయింది. అబ్బాయి నా దగ్గరికి వచ్చి మెల్లిగా అడిగాడు.

"ప్రకటన మీరే రాశారట గదా. మీరైతే కొంటారా సార్?"

నా వెనకాల అత్తయ్య మోకాళ్లు. ముందు ఇరవై ఏళ్ల లోను. సినిమాలో అయితే ఇలాంటి చోట మెరుపు మెరిసి, ఉరుము ఉరిమి, ఇంటర్వెల్ కార్డు పడుతుంది. ఇక్కడ ఏ కార్డూ పడలేదు. నేను నీళ్లు నమిలాను.

"బాబూ," అంది అత్తయ్య కుర్చీలోంచే. "పైన మంచం గోడవారకి ఎందుకు జరిపామో మీ అంకుల్‌ని అడుగు."

వరండా అంతా నిశ్శబ్దం. అలలు మాత్రం చప్పుడు చేస్తున్నాయి.

మావయ్య కాసేపు నేల చూశాడు. తర్వాత ఆ ఇద్దర్నీ తనే పైకి తీసుకెళ్లాడు. పోయిన వానాకాలంలో రాత్రిపూట తలగడ పక్కనే పెచ్చు ఊడిపడిందని చెప్పాడు. కిటికీ గ్రిల్స్ మూడుసార్లు మార్చానని, ఫ్యాన్లు, ఫ్రిజ్‌లు, తాళంకప్పలు ఏవీ ఇక్కడ ఎక్కువకాలం నిలవవని చెప్పాడు. ఇంకో సంగతి కూడా దాచలేదు. తీరం వెంబడి కట్టడాలకి కేంద్రప్రభుత్వం 1991 ఫిబ్రవరి 19న నిబంధనలు పెట్టింది. 2011లోనూ, 2019లోనూ వాటిని మార్చి రాశారు గానీ, అలల పక్కన ఇష్టమొచ్చినట్టు కట్టుకునే వీలు మాత్రం ఎవరికీ రాలేదు. "ఉన్నది బాగు చేసుకోవాల్సిందే తప్ప, పెంచుకుందామంటే కుదరదు బాబూ" అన్నాడు.

వాళ్లు వెళ్లిపోయారు. "పోయింది బేరం" అన్నాడు మావయ్య. "పోతే పోనీండి. నేను ఈ కుర్చీలోనే కూర్చుంటాను. ఆ పిల్ల తల మీద పడితే?" అంది అత్తయ్య. ఆ రోజు ఆ ఇంట్లో ఎవరూ భోజనం సరిగ్గా చేయలేదు.

పది రోజుల తర్వాత వాళ్లు మళ్లీ వచ్చారు. ఈసారి వెంట ఓ ఇంజనీరు. ఆయన చిన్న సుత్తితో శ్లాబంతా టకటకా కొట్టి చూశాడు. గుల్లగా మోగినచోటల్లా సుద్దతో గుండ్రాలు చుట్టాడు. పై గది శ్లాబు తీసి మళ్లీ వేయాలి, కింద గట్టిగానే ఉంది అన్నాడు. ఖర్చు లెక్కేశారు. మావయ్య అడిగిన ధరలో పన్నెండు లక్షలు తగ్గించాడు. తగ్గించిన రోజు రాత్రి ఆయన నిద్రపోలేదట. రిజిస్ట్రేషన్ రోజు రాత్రి మాత్రం హాయిగా నిద్రపోయానని చెప్పాడు. అత్తయ్య ఆపరేషన్‌కి ఆ మిగిలిన డబ్బు సరిపోయింది. కూతురికి ఇద్దామనుకున్నది మాత్రం తగ్గింది. అది ఆయన ఇప్పటికీ లెక్కేస్తూనే ఉంటాడు. నేను కాదనను.

నాకు మాత్రం ఒక్కటే ముల్లు గుచ్చుకుంటుంది. ఆ ప్రశ్న అడిగింది నన్ను. జవాబు చెప్పింది అత్తయ్య.

మొన్న ఆ పాట మళ్లీ చూశాను. ఎవరో పాత క్యాసెట్ నుంచి ఎక్కించి పెట్టారు. వరండా ఉంది, సముద్రం ఉంది, సాయంత్రంలా నటిస్తున్న ఉదయం ఉంది. ఈసారి హీరోయిన్ని చూడలేదు సుమండీ! హీరోగారినే కనిపెట్టి చూశాను. పాటంతా ఆయన గ్రిల్‌కి జానెడు దూరంలో నిలబడి ఉన్నారు. ఒక్కసారి కూడా ఆనుకోలేదు!

ఆయనకి తెలుసు. ఎడిటర్‌కి తెలుసు. మాకే ఇన్నేళ్లు పట్టింది.