చూసినవారు, చదివినవారు
హత్య కేసులో నిందితుడు నిర్దోషి అని సెషన్స్ కోర్టు తేల్చాక ప్రభుత్వం హైకోర్టుకు వెళ్తే అక్కడ సాక్షులు మామూలుగా మళ్లీ బోనెక్కరు. వారు చెప్పింది టైపు చేసిన కాగితాలుంటాయి, అంతే. ఎవరు తడబడ్డారో, ఎవరు జవాబు మింగేశారో చూసింది కింది కోర్టు జడ్జి. చూసినాయన తీర్పును చదివినవారు తిరగరాయడం ఎంతవరకు సబబు?

జెస్సికా లాల్ కేసు ఆ ప్రశ్నను దేశమంతటి ముందుకు తెచ్చింది. 1999 ఏప్రిల్ 29 అర్ధరాత్రి దాటాక, ఢిల్లీలోని మెహ్రౌలీలో టామరిండ్ కోర్ట్ రెస్టారెంట్‌లో మద్యం పోయనన్నందుకు ఆమెను కాల్చి చంపారు. 2006 ఫిబ్రవరి 21న సెషన్స్ కోర్టు అప్పటి కాంగ్రెస్ నాయకుడి కుమారుడు మను శర్మతో సహా తొమ్మిది మందినీ వదిలేసింది. ఆశ్చర్యపోవాల్సిందేమీ లేదు. ఫిర్యాదు చేసిన యువకుడే కోర్టులో అడ్డం తిరిగాడు. పోలీసులు హిందీలో రాసుకున్న వాంగ్మూలం తనకు అర్థం కాలేదన్నాడు, కాల్చింది ఒకరు కాదు ఇద్దరన్నాడు. పిస్తోలు దొరకలేదు. దొరికిన రెండు ఖాళీ తూటాలు వేర్వేరు తుపాకులవిగా కనిపిస్తున్నాయన్న నిపుణుడి అభిప్రాయం ఆ మాటకు దన్నయింది.

పది నెలలు తిరక్కుండానే, డిసెంబర్ 18న, ఢిల్లీ హైకోర్టు మను శర్మను దోషి అంది. అప్పీలులో కొత్త సాక్షి ఎవరూ రాలేదు. పాత కాగితాలనే మరోలా చదివారు. రెస్టారెంట్ యజమానురాలు తుపాకీ పేలడాన్ని కళ్లారా చూడలేదు. ఆ వెంటనే వెళ్లిపోబోతున్న వ్యక్తిని అడ్డగించి నిలదీశానంది. కాల్పులకు ముందు బారు దగ్గర అతడు మద్యం కోసం పట్టుబట్టాడని ఆమె కూతురు చెప్పింది. కింది కోర్టు పక్కనపెట్టిన ఈ మాటల్నే హైకోర్టు నమ్మింది. 2010 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టూ నమ్మింది.

ఇంతమంది సాక్షులు ఉండాలన్న లెక్క మన చట్టంలో లేదు. నమ్మదగ్గవారైతే ఒక్కరు చాలు. సాక్షి జ్ఞాపకం వీడియో టేపు కాదని, చిన్నచిన్న తేడాలకు మొత్తం సాక్ష్యాన్ని పారేయకూడదని సుప్రీంకోర్టు 1983లోనే చెప్పింది. మరోవైపు హద్దూ ఉంది. సాక్ష్యాలను మొదటినుంచీ తూచే అధికారం అప్పీలు కోర్టుకు ఉన్నా, సాక్షులను కళ్లారా చూసిన జడ్జి అభిప్రాయానికి విలువివ్వాలని 1934లో ప్రీవీ కౌన్సిల్ అంది. సాక్ష్యం రెండు రకాలుగానూ సబబుగా కనిపిస్తే నిర్దోషి తీర్పు జోలికి పోవద్దని 2007లో చంద్రప్ప కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఈ రెంటి మధ్య దారి ఇరుకు. హైకోర్టు ఆ ఇరుకులోనే నడిచింది, దారి తప్పలేదు.

కొవ్వొత్తులతో వీధికెక్కిన జనమే శిక్ష వేయించారన్న మాట అందుకే సగమే నిజం. అప్పీలు వేగం పుంజుకోవడంలో వారి పాత్రను కాదనలేం. అసలు చిక్కు కెమెరాలు రాని హత్యల్లో ఉంది. అప్పట్లో నిర్దోషి తీర్పుపై అప్పీలు చేయాలా వద్దా అన్నది ముఖ్యంగా ప్రభుత్వం ఇష్టం. పోలీసు కేసుల్లో హతుల కుటుంబానికి మిగిలింది రివిజన్ పిటిషన్ ఒక్కటే. అందులో విడుదలను శిక్షగా మార్చే అధికారం హైకోర్టుకు లేదు. 2009 డిసెంబర్ 31 నుంచే ఆ కుటుంబాలకు సొంతంగా అప్పీలు చేసే హక్కు దక్కింది.

జెస్సికా కేసులో అడ్డం తిరిగిన ఆ యువకుడిపైనా, తూటాల నిపుణుడిపైనా అబద్ధపు సాక్ష్యం కేసు నడపాలని ఢిల్లీ హైకోర్టు 2013లో ఆదేశించింది. యావజ్జీవ శిక్ష పడిన మను శర్మ 2020 జూన్‌లో జైలు నుంచి విడుదలయ్యాడు.