తల దొరకని రాక్షసిబల్లి

స్టీవెన్ స్పీల్‌బర్గు 1993లో తీసిన “జురాసిక్ పార్కు” పరంపరలో ఏడవ చిత్రమైన “జురాసిక్ వరల్డ్: రీబర్త్” 2025 జూలైలో తెలుగు మాటలతో వచ్చినది. దానిని చూచిన నాయుడుపేట విద్యార్థులము మేము రెండు కక్షలమైతిమి. ఆఱు అవయవముల వికృతజంతువే భయంకరమని కొందఱము, అది ప్రకృతి పుట్టించిన టైరనోసారసునకు సాటిరాదని కొందఱము వాదించితిమి. తరువాతి భాగము రావలెనను కోరికలో మాత్రము మాకు భేదము లేదు.

ఇంతలో పుస్తకములు తిరుగవేయగా నొక వింత తెలిసినది. చిత్రము పేరు జురాసిక్ అయినను, టైరనోసారసు ఆ యుగపుది కాదు. జురాసిక్ యుగము ముగిసిన 7 కోట్ల యేండ్లకు పైగా గడచిన పిమ్మట పుట్టినది. నిజమైన జురాసిక్ జంతువు మన తెలుగునేలయందే కలదు. పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోని యామనపల్లి యొద్ద దొరకిన యెముకలకు 1988లో యాదగిరిగారు “కోటాసారస్” అని పేరిడిరి. సుమారు 30 అడుగుల పొడవు గల యా శాకాహారి యస్థిపంజరమును హైదరాబాదు బిర్లా విజ్ఞానకేంద్రమున నిలిపిరి.

అయితే ఆ తవ్వకములలో దంతములు రెండు దొరకినవి గాని పుఱ్ఱె దొరకలేదు. దాని ముఖ మెట్టిదో యెవరును చూడలేదు!

చిత్రమునకు తరువాతి భాగము నిర్మాతల చేతిలో నున్నది. కోటాసారసు కథకు తరువాతి భాగము సుత్తియు, ఓర్పును గలవారి చేతిలో నున్నది. మాలో నెవరేని భూగర్భశాస్త్రము చదివి యా పుఱ్ఱెను వెలికి తీసిన నాడు, ఉభయకక్షలవారమును కలసి చూడబోయెదము.