మా ఎనిమిది మందికి ఎన్ని మీటర్ల డేరా?

టెంట్ డబ్బా మీద 'ఫోర్ పర్సన్' అని రాసి ఉంటుంది చూడండి, ఆ నలుగురు ఎవరో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. వాళ్లకు దిండ్లుండవు, బ్యాగులుండవు. రాత్రి రెండింటికి నీళ్లు కావాలని లేచే పిల్లాడుండడు. మోకాళ్లు పట్టేసే అమ్మ ఉండదు. అగ్గిపెట్టెలో పుల్లల్లాగా పక్కపక్కనే పడుకుని, తెల్లారేదాకా కదలని మనుషులు వాళ్లు. తలా రెండడుగుల వెడల్పు చొప్పున లెక్కేసి ఆ అంకె వేస్తారు.

మా ఇంట్లో అలాంటోళ్లు ఒక్కరూ లేరు.

నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తా. ఇల్లు మెదక్ టౌన్‌లో. 2022లో మెదక్‌కు రైలొచ్చినా, నాది ఇప్పటికీ శుక్రవారం రాత్రి బస్సే. మా ఆఫీసోళ్లు చలికాలం రాగానే క్యాంపింగ్ అంటూ అనంతగిరి వైపు వెళ్లి ఫొటోలు పెడుతుంటారు. అవి చూసి మా అక్క అంది: "మనం కూడా పోదాంరా. అందరం."

అందరం అంటే బాపు, అమ్మ, నానమ్మ, అక్క, బావ, వాళ్ల ఇద్దరు పిల్లలు, నేను. మొత్తం ఎనిమిది మంది. కానీ నిజంగా లెక్కేస్తే మా ప్రయాణాలన్నీ ఏడుగురివే. డెబ్బై తొమ్మిదేళ్ల నానమ్మ ఎప్పుడూ ఒకటే మాట అంటుంది: "మీరు పోయి రాండ్రి. నేను ఇల్లు చూస్కుంట." ఇంటికి తాళాలున్నాయి, పక్కింటోళ్లున్నారు. అయినా ఆమె ఇల్లు చూస్కుంటది. మేం కూడా రెండోసారి అడగం. అందుకే ఈసారి టెంట్ సైజు అనేది నా వరకు ఒకే ప్రశ్న అయింది. అందులోకి నానమ్మ రాగలదా, లేదా?

గంటలాంటి గుడారం

మామూలు డోమ్ టెంట్‌లోకి వంగి, పాకుతూ వెళ్లాలి. నానమ్మ సంగతి అటుంచండి, మా బాపు నడుమే ఒప్పుకోదు. అలా వెతుకుతుంటే బెల్ టెంట్ కనిపించింది. మధ్యలో ఒకే ఒక్క నిట్ట గుంజ, చుట్టూ గుండ్రంగా కాటన్ కాన్వాస్, కింద చిన్న గోడ, నిలబడి లోపలికి వెళ్లే తలుపు.

"బెల్ టెంటంటే ఏందిరా? చర్చి గంటనా?" అన్నాడు బాపు. ఆయన్ను అనలేం. మెదక్‌లో గంట అంటే 1924 క్రిస్మస్ రోజున తెరిచిన మా కెథెడ్రలే. దాని 175 అడుగుల గోపురం మా డాబా మీదికి కనిపిస్తుంది. ఈ డేరాకు ఆ పేరు రావడానికి కారణం ఆకారమే. బోర్లించిన గంటలా ఉంటుంది.

ఇది కొత్త ఫ్యాషనేం కాదు. అమెరికా సైన్యంలో హెన్రీ హాప్‌కిన్స్ సిబ్లీ అనే అధికారి 1856లో ఇలాంటి శంకు ఆకారపు గుడారానికి పేటెంట్ తీసుకున్నాడు. అక్కడి మైదాన ప్రాంతాల ఆదివాసుల 'టీపీ' గుడారాలే దానికి మూలం. 18 అడుగుల వ్యాసం, 12 అడుగుల ఎత్తు, డజను మంది సైనికులు. ఆ డజనులో కూడా నానమ్మలు లేరు.

డాబా మీద ముగ్గు

బెల్ టెంట్‌ల సైజు మనుషుల్లో కాదు, మీటర్లలో చెప్తారు. సాధారణంగా 3, 4, 5, 6 మీటర్ల వ్యాసం. స్క్రీన్ మీద చూస్తే అన్నీ ఒకేలా ఉంటాయి. వైశాల్యం లెక్కేస్తే అసలు సంగతి తెలుస్తుంది. 3 మీటర్లది 76 చదరపు అడుగులు. 4 మీటర్లది 135. 5 మీటర్లది 211. 6 మీటర్లది 304. వ్యాసం రెట్టింపైతే చోటు నాలుగు రెట్లవుతుంది.

ఈ అంకెలు ఇంట్లో ఎవరికీ ఎక్కలేదు. అప్పుడు అమ్మ ముగ్గు డబ్బా తెచ్చింది. డాబా మధ్యలో బావ తాడు కొస పట్టుకుని నిలబడ్డాడు. రెండు మీటర్ల తాడుతో ఒక చుట్టు, రెండున్నరతో ఇంకోటి, మూడుతో మరోటి గీశాం. చాపలు, జంపఖానాలు పరిచి అందరం నిజంగానే పడుకుని చూశాం. పక్క డాబా మీద బట్టలారేస్తున్న అత్తమ్మ "ఏందిరా, ఇల్లు ఖాళీ చేస్తున్నరా?" అని అడిగింది.

ఆ పది నిమిషాల్లో తేలిన విషయాలు ఇవి. మధ్యలో గుంజ ఉంటుంది కాబట్టి దాని మీదుగా ఎవరూ పడుకోలేరు. కాన్వాస్‌కు ఆనుకుని పడుకున్నా కుదరదు. బయట మంచో వానో ఉన్నప్పుడు గుడ్డకు దుప్పటి తగిలితే తడి లోపలికి వస్తుంది. కాబట్టి చుట్టూ ఒక జానెడు వదిలేయాలి. బ్యాగులకు, చెప్పులకు, నీళ్ల క్యాన్‌కు చోటు కావాలి. తలుపు దగ్గర ఎవరినీ పడుకోబెట్టొద్దు, రాత్రి లేచినోళ్లు తొక్కుతారు. ఇవన్నీ తీసేస్తే 4 మీటర్ల చుట్టులో నలుగురు పెద్దోళ్లు సుఖంగా పట్టారు. ఐదో మనిషి వస్తే సర్దుకోవాలి. 5 మీటర్లలో ఆరుగురు.

నానమ్మ కుర్చీలో కూర్చుని అంతా చూసింది. చివరికి ఒక్క మాటంది: "మంచం లేకుంటె నాతోని గాదు బిడ్డా. కింద పండుకుంటె మల్ల లేవస్తదా నాకు?"

మంచమే లెక్క మార్చింది

ఇక్కడ నా ఇంజినీరింగ్ డిగ్రీ కాస్త పనికొచ్చింది. బెల్ టెంట్ పైకప్పు వాలుగా ఉంటుంది కదా, నేల ఎంతుందన్నది సగం లెక్కే. ఏ చోట ఎంత ఎత్తుందన్నది మిగతా సగం.

మేం చూసిన వాటిలో 4 మీటర్ల టెంట్‌కు మధ్య ఎత్తు రెండున్నర మీటర్లు, 5 మీటర్లదానికి మూడు. రెంటికీ చుట్టూ గోడ 60 సెంటీమీటర్లు. 170 సెంటీమీటర్ల మనిషి తల తగలకుండా నిలబడగలిగే చోటు ఎంతో లెక్కేశా. 4 మీటర్ల టెంట్‌లో గుంజ చుట్టూ 1.7 మీటర్ల వ్యాసం. 5 మీటర్లదాంట్లో 2.7. అంటే నేల ఒకటిన్నర రెట్లు పెరిగితే, నిలబడే చోటు రెండున్నర రెట్లు పెరిగింది. ఈ మాట ఏ ప్రకటనలోనూ నాకు కనబడలేదు.

ఇప్పుడు మంచం. మా మడత మంచం ఎత్తు 45 సెంటీమీటర్లు. నానమ్మ దాని మీద కూర్చుంటే తల దాదాపు 120 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. 5 మీటర్ల టెంట్‌లో గోడ నుంచి రెండడుగులు లోపలికి జరిపితే చాలు, తల తగలదు. 4 మీటర్లదాంట్లో కూడా జరపాల్సిన దూరం దాదాపు అంతే. కానీ అప్పుడు మంచం గుంజ దగ్గరికి వచ్చేస్తుంది. ఉన్న కాస్త నిలబడే చోటునూ అదే మింగేస్తుంది. మిగతావాళ్లు దాన్ని దాటుకుంటూ తిరగాలి.

అంటే 4 మీటర్ల టెంట్ మా ఏడుగురికి ఎలాగోలా సర్దుకునే టెంట్. నానమ్మ వస్తే అది టెంటే కాదు.

మరి ఆరు ఎందుకు కాదు?

"ఎట్లాగో కొంటున్నం, పెద్దదే కొందాం" అన్నాడు బావ. అక్కడే రెండో లెక్క మొదలైంది.

బెల్ టెంట్ నిలబడేది తాళ్ల మీద. ఆ తాళ్లు చుట్టూ మరో మీటరున్నర, రెండు మీటర్ల దూరం పోతాయి. 6 మీటర్ల టెంట్‌కు తొమ్మిది, పది మీటర్ల చదును నేల కావాలి. చెట్లున్న చోట అంత ఖాళీ దొరకదు. బరువు ఇంకో సమస్య. కాటన్ కాన్వాస్ 5 మీటర్లదే ముప్పై కిలోలు దాటుతుంది. 6 మీటర్లదాన్ని బావ చిన్న కారు డిక్కీలో పెడితే పిల్లల్ని ఇంటి దగ్గర వదిలేయాలి. పైగా తడిసిన కాన్వాస్ ఇంకా బరువెక్కుతుంది. దాన్ని తెచ్చి ఆరబెట్టే డాబా కూడా అంత ఉండాలి. తడిగా మడిచి పెడితే నల్ల బూజు పడుతుంది, ఇక ఎంత ఉతికినా పోదు.

బాపు అభ్యంతరం వేరే. "టెంట్ హౌస్ల షామియానా కిరాయికి దొర్కుతది గదరా. గింత పైసలెందుకు?" మాట న్యాయమైందే. ఏడాదికి ఒక్క రాత్రికైతే మీరూ అదే చేయండి. కానీ షామియానాకు కింద పరుపు ఉండదు, పురుగూ పుట్రా ఆగవు, మంచు ఆగదు. పాతడానికి ఇద్దరు మనుషులు రావాలి. మేం అనుకున్నది నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా నెలకోసారి. ధర చూస్తే నా ఫ్లాట్ నెల అద్దె కంటే ఎక్కువే. సగం నేను, సగం అక్కా బావా పెట్టుకున్నాం.

చివరికి 5 మీటర్ల బెల్ టెంట్ కొన్నాం. నా దగ్గరున్న పాత ఇద్దరి డోమ్ టెంట్ పక్కన వేసి, అందులో నేనూ బావా పడుకునేలా మాట్లాడుకున్నాం. అందర్నీ ఒకే కప్పు కింద ఇరికించడం కన్నా, ఒక పెద్దది, ఒక చిన్నది అనేది చాలా ఇళ్లకు సరిపోయే లెక్క. బావ గురక కూడా బయటే ఉంటుంది.

ఎక్కడ వేశాం

మొదట పోచారం అనుకున్నాం. మెదక్‌కు పదిహేను కిలోమీటర్లు, నిజాం కాలపు చెరువు, చుట్టూ అడవి. కానీ అది అభయారణ్యం. అటవీ శాఖ అనుమతి లేకుండా లోపల రాత్రి మకాం పెట్టడానికి లేదు. మంజీర ఇసుకలో వేద్దామన్నాడు మేనల్లుడు. ఎండిపోయినట్టు కనిపించే ఏరును నమ్మొద్దు. పైన సింగూరు గేట్లెత్తితే నీళ్లు మన నిద్ర లేచేదాకా ఆగవు. చివరికి మా మేనమామ మామిడి తోట ఖాయమైంది. బోరుంది, దగ్గర్లో బాత్రూముంది. నానమ్మకు అది టెంట్ కన్నా ముఖ్యం.

టెంట్‌తో వచ్చిన సన్న మేకులు మా చెల్క నేలలో దిగకుండానే వంగాయి. ఇది తెలిసినోళ్లు ముందే చెప్పడంతో వెల్డింగ్ షాపులో 12 ఎం.ఎం. సలాకలు అడుగున్నర చొప్పున కోయించి తెచ్చుకున్నాం. వేయడం తేలికే. కింది పట్టాను గుండ్రంగా మేకులతో బిగించి, మధ్య గుంజ లేపి, తలుపు ఫ్రేమ్ పెట్టి, తాళ్లు లాగడం. ముగ్గురికి అరగంట పట్టింది. కొత్త కాన్వాస్‌ను ముందే డాబా మీద ఒకసారి బాగా తడిపి ఆరబెట్టాం. నూలు ఉబ్బి, కుట్టు రంధ్రాలు మూసుకుంటాయి.

సాయంత్రం చలి మొదలవగానే నానమ్మ కుంపటి లోపల పెట్టమంది. అది మాత్రం ఒప్పుకోలేదు. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. కుంపటి బయటే కాచుకుని, లోపలికి రెండు రగ్గులు, వేడినీళ్ల బ్యాగు ఇచ్చాం. కాసేపు అలిగింది.

తర్వాత పిల్లలు చుట్టూ చేరితే మాట మీద పడింది. శివరాత్రికి ఏడుపాయల వనదుర్గమ్మ జాతరకు బండ్లు కట్టుకుని పోయేటోళ్లట. ఎడ్లను విప్పి, రెండు బండ్ల మధ్య గుడ్డ కట్టి, కింద గడ్డి పరుచుకుని పడుకునేటోళ్లట. "అప్పుడు మా అత్త నన్ను నడిమిట్ల పండుకోబెట్టేది. కొత్త పెండ్లి పిల్లను గద" అని నవ్వింది. ఆ కథ బాపు కూడా మొదటిసారి విన్నాడట. నేను డోమ్ టెంట్‌లో పడుకుని, కాన్వాస్ అవతలి నుంచి వింటున్నా. ఎప్పుడు నిద్రపోయారో తెలీదు.

తెల్లారేసరికి కాన్వాస్ బయటంతా మంచుకు తడిసింది, లోపల పొడిగానే ఉంది. మంచం మీద నుంచి నానమ్మ తనంతట తానే లేచి, గుంజ పట్టుకుని నిలబడి, కొంగు సర్దుకుని బయటికొచ్చింది. తల ఎక్కడా తగల్లేదు.

ఇప్పుడు కొత్త డిమాండ్ వచ్చింది. వచ్చే శివరాత్రికి ఈ డేరా ఏడుపాయలకు తీసుకుపోవాలట. జాతర జనంలో తాళ్లతో కలిపి ఎనిమిది, తొమ్మిది మీటర్ల ఖాళీ ఎక్కడ దొరుకుతుంది? ఆ సంగతి చెప్తే, "ఒక రోజు ముందుగాల పోదాం, జాగ నేను చూస్కుంట" అంది.