వీరాస్వామయ్య పల్లకి వెంట

యుద్ధం, వరద, మళ్ళీ యుద్ధం. కొన్నాళ్ళుగా టీవీ పెడితే ఇవే. ఫోన్ తీసినా ఇవే. చూడకుండా ఉండలేం, చూసి చేయగలిగిందీ లేదు. ఇలాంటి రోజుల్లో నా చేతికి దొరికింది ఏనుగుల వీరాస్వామయ్య ‘కాశీయాత్ర చరిత్ర’. పోటీ పరీక్షల్లో ఒక మార్కు జవాబుగా వినడమే తప్ప, లోపల ఇంత లోకం ఉందని నాకెవరూ చెప్పలేదే!

ఆయన చెన్నపట్నం సుప్రీంకోర్టులో దుబాసీ. 1830 మే 18న బయల్దేరి 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. వెంట దాదాపు వందమంది. పోయేటప్పుడు తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు, ప్రయాగల మీదుగా కాశీ. వచ్చేటప్పుడు గయ, కలకత్తా, పూరీ చూసుకుని కోస్తా దారిన. చూసిందల్లా మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళైకి రాసి పంపారు. పిళ్ళైగారు 1838లో అచ్చు వేయించేనాటికి వీరాస్వామయ్య లేరు.

ఆ రాతలో ఉన్న ఓపిక చూడాలి! మజిలీ చేరగానే ఊరు పెద్దదా చిన్నదా, నీళ్ళు మంచివేనా, దిగడానికి చోటుందా, అంగళ్ళలో ఏం దొరుకుతాయి, ముందున్న దారి ఎలాంటిది... అన్నీ రాస్తారు. అదీ చదివేవాడికి రేపు పనికొస్తుందన్న శ్రద్ధతో. నాలుగు మజిలీలు చదివేసరికి నా ఊపిరి ఆయన పల్లకి మోసే బోయీల నడకకు కుదురుకుంది. రాత్రి పడుకోబోయే ముందు ఫోన్ వెతుక్కునే చెయ్యి ఇప్పుడు ఈ పుస్తకం కోసం వెతుకుతోంది.

కష్టాల్లేని లోకమేమీ కాదది. శ్రీశైలం భాగమే చూడండి. అడవి, ఎక్కుడు, దిగుడు, దొంగల భయం. అన్నీ దాటి మల్లన్న సన్నిధికి చేరితే కందనూరు (కర్నూలు) నవాబు మనుషులు యాత్రికుల దగ్గర పన్ను వసూలు చేస్తుంటారు. గుడి బాగోగులు పట్టించుకునేవాళ్ళు లేరని వీరాస్వామయ్య నొచ్చుకుంటారు. ఆ బాధ చదువుతుంటే మనకూ తగులుతుంది, కానీ మనల్ని ముంచెయ్యదు. ఆయనకు కష్టమంటే ఎదురుగా కనిపించే ఏరు. దాన్ని ఎలా దాటారో కూడా ఆయనే చెబుతారు. ప్రపంచంలోని ఏరులన్నీ ఒక్కసారే వచ్చి మీద పడవు. వార్తల్లో నాకు దొరకనిది ఇదే.

భాష గురించి భయం వద్దు. రెండు వందల ఏళ్ళ కిందటి తెలుగే అయినా అది గ్రాంథికం బిగువున్న తెలుగు కాదు. ఉర్దూ మాటలూ ఇంగ్లీషు మాటలూ కలగలిసి, ఎదురుగా కూర్చుని చెబుతున్నట్టే ఉంటుంది. దిగవల్లి వెంకట శివరావు పరిష్కరించిన 1941 ప్రతి దొరికితే వదలకండి. స్కాన్ చేసిన ప్రతి ఇంటర్నెట్లో ఉచితంగానే ఉంది. పీఠిక తర్వాత చదువుకోవచ్చు, ముందు తిరుపతి దారి పట్టండి. శ్రీశైలం చేరాక మాత్రం ఒక్కరే చదువుకోకండి. ఇంట్లో ఎవరినైనా పిలిచి పైకి చదివి వినిపించండి!