బస్తా పిక్కలు, ఒక పరీక్ష

"శాప్ సర్టిఫికెట్ తీస్తే ఉద్యోగమొస్తాదా, మావయ్యా?" అని అడిగాడు మేనల్లుడు. టెక్కలిలో ఇంజనీరింగు ఆఖరి ఏడాది. ఉద్దానంలో ఈ ప్రశ్న కుర్రాడొక్కడిది కాదు, ఇంటిల్లిపాదిదీ. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను కొబ్బరిచెట్లనీ జీడితోటల్నీ కూల్చేశాక, కొత్త మొక్క కాపుకొచ్చేదాకా ఏళ్ళ తరబడి ఎదురుచూసిన ఇళ్ళివి. హైదరాబాదు అమీర్‌పేటలో కోచింగు, హాస్టలు, ఆపైన పరీక్ష ఫీజు అంటే ఇక్కడ ఎవరో ఒకరి దగ్గర అప్పు పుట్టాలి. "చేసేయ్, మంచిదే" అని తేలిగ్గా అనడానికి నాకు నోరు రాలేదు.

నాకు అన్నం పెడుతున్నది శాప్ పనే, అంటే కంపెనీల కొనుగోళ్ళు, సరుకు, లెక్కలు నడిపే సాఫ్ట్‌వేర్ పని. ఆ పనికి గిరాకీ ఉంది. శాప్ పాత వెర్షను ఈసీసీకి ప్రధాన నిర్వహణ 2027 చివరితో ముగుస్తుంది కాబట్టి కంపెనీలు కొత్తదైన ఎస్4హానాకి మారే హడావుడిలో ఉన్నాయి. అయితే వాళ్ళు వెతికేది ప్రాజెక్టులో నలిగినవాళ్ళని. గోదాములో సరుకుంది, సిస్టంలో లేదు, అప్పుడేం చేశావని ఇంటర్వ్యూలో అడుగుతారు. పరీక్ష పాసైనంత మాత్రాన దానికి జవాబు దొరకదు. పైగా ఆ సర్టిఫికెట్ ఒకసారి తీస్తే జన్మంతా ఉండేదీ కాదు. శాప్‌దైనా, సేల్స్‌ఫోర్స్ లాంటి ఇంకో సాఫ్ట్‌వేర్‌దైనా, ఎప్పటికప్పుడు కొత్త మార్పులు చదివి నిలబెట్టుకుంటూ ఉండాలి. ఉద్యోగం లేకుండా తీసుకున్నవాడి చేతిలో అది ఊరికే పాతబడుతుంది.

ఉద్యోగంలో చేరాక సంగతి వేరు. సేల్స్‌ఫోర్స్ పార్ట్‌నర్ కంపెనీలకి సర్టిఫికెట్ ఉన్నవాళ్ళ లెక్క కావాలి, ఫీజు తరచు వాళ్ళే కడతారు. అప్పుడు మొదటి ఏడాదే రాసేయమంటాను. సొంత డబ్బుతో, అందులోనూ అప్పుచేసి, ముందే రాయొద్దంటాను. చదువుకోవడానికి ఖర్చు లేదు. సేల్స్‌ఫోర్స్ పాఠాల సైటు ట్రెయిల్‌హెడ్ ఉచితం, శాప్ కూడా చాలా పాఠాలు ఉచితంగానే పెట్టింది.

వాడి మొహం చిన్నబోయింది. "మరి నా దగ్గర చూపించడానికి ఏటుంది?" అన్నాడు.

ఎంత ఉందో వాడికి తెలీదు. పుట్టి పెరిగింది పలాస-కాశీబుగ్గలో, వీధికో జీడి ఫ్యాక్టరీ. తెలిసినాయన ఫ్యాక్టరీకి వాణ్ణి పంపాను, గుమస్తా పక్కన కూర్చోమని. జీడిపిక్కలు 80 కిలోల బస్తాల్లో వస్తాయి. ఉద్దానం పిక్కొక ధర, ఆఫ్రికా నుంచి ఓడలో దిగిన పిక్కొక ధర. ఉడకబెట్టి, కోసి, ఆరబెట్టి, పొట్టు తీశాక ఆడవాళ్ళు నేలమీద కూర్చుని చేత్తో గ్రేడు చేస్తారు. 320 గ్రేడంటే పౌనుకి 320 మించకుండా తూగే గుండ్లు, అంటే విరగని పప్పులు. విరిగితే బద్ద, ఇంకా విరిగితే ముక్క. ధర మెట్టు మెట్టుకీ పడిపోతుంది. కొనుగోలు, సరుకు రాక, బ్యాచ్, ఉత్పత్తి, నాణ్యత, అమ్మకం: శాప్ మెటీరియల్ మేనేజ్‌మెంట్ పుస్తకంలో ఎక్కడో జర్మనీ కంపెనీ ఉదాహరణతో చెప్పేదంతా ఇక్కడ గుమస్తా చిట్టాలో ఉంది. దీన్ని కళ్ళారా చూసినవాడికి స్క్రీను మీది గడులు అర్థమవుతాయి. చూడనివాడు వాటిని బట్టీపడతాడు. మన పిల్లలకి ఇంత దగ్గర్లో ఉన్న చదువుని ఎవరూ చదువుగా లెక్కపెట్టడం లేదనేదే నా బాధ.

వారం తిరక్కుండానే వాడు ఫోన్ చేశాడు. "మావయ్యా, బస్తాకి పప్పు ఇరవై కిలోలు అటూ ఇటూగా దిగుతాది. గుండ్లు ఎన్నొస్తాయో, బద్దలు ఎన్నొస్తాయో ముందు తెలీదు. తొక్క కూడా నూనె తీసేవాళ్ళకి అమ్ముతున్నారు. మరి బస్తా ఖరీదుని వీటన్నిటి మీదా ఎలా పంచుతారు?"

పరీక్ష గురించి వాడు అడగలేదు, నేనూ ఎత్తలేదు. శాప్‌లో గుండునీ బద్దనీ కో-ప్రొడక్టులుగా పెట్టాలి, తొక్కని బై-ప్రొడక్టుగా పెట్టాలి, ఖర్చు ఏ నిష్పత్తిలో పంచాలన్నదే అసలు చిక్కు అని చెప్పాను. ఆదివారం ఆ గుమస్తా లెక్కలు ముందేసుకుని ఇద్దరం కూర్చుంటున్నాం.