పటం ముందే చెప్పింది!

మైలు దూరాన్ని ఆరంగుళాల్లో చూపించే పటంలో ఏముంటుంది? ఊరి పేరు, రోడ్డు, రైలుకట్ట మాత్రమే కాదు. ఇళ్లు, పొలం గట్లు, బావులు, కొండవాలులో ఎక్కడో పుట్టే సన్నటి నీటి ఊట... అన్నీ ఉంటాయి. బ్రిటన్‌లో ఆర్డ్‌నెన్స్ సర్వే అనే ప్రభుత్వ సంస్థ పందొమ్మిదో శతాబ్దంలోనే దేశమంతా తిరిగి అలాంటి పటాలు గీసింది.

వేల్స్‌లోని అబర్‌ఫాన్ గ్రామం పుట్టుకనీ ఆ పటాల్లో చూడొచ్చు. 1869లో మెర్తిర్ వేల్ బొగ్గు గని పనులు మొదలయ్యేదాకా అక్కడున్నవి రెండు ఇళ్లు, ఓ సత్రం. గని వచ్చాక వరసగా కార్మికుల ఇళ్లు, దుకాణాలు, చర్చిలు, బడి లేచాయి. ఊరు పెరిగినకొద్దీ బొగ్గుతో పాటు పైకొచ్చే రాళ్లూ మట్టీ పెరిగాయి. ఆ వ్యర్థాన్ని ఊరి మీదున్న కొండవాలులో కుప్పలు పోశారు. ఒకటి, రెండు... చివరికి ఏడు!

ఏడో కుప్పను 1958లో మొదలుపెట్టారు. దాని కిందే ఊటలున్నాయి. అదేమీ రహస్యం కాదు. ఊళ్లో అందరికీ తెలుసు. 1874 నుంచీ పటాల్లో ఉన్నాయి. 1963లో స్థానిక పురపాలక ఇంజినీరు, బడి వెనక పోస్తున్న గని బురద ప్రమాదకరమంటూ లేఖ కూడా రాశాడు. అయినా కుప్ప పెరుగుతూనే ఉంది. 1966 నాటికి దాని ఎత్తు 111 అడుగులు.

1966 అక్టోబరు 21. మర్నాటి నుంచి పిల్లలకు సెలవులు. ఉదయం తొమ్మిదింపావు. వానలకూ అడుగునున్న ఊటకూ నానిన కుప్ప బురదై కిందికి దూకింది. పంట్‌గ్లాస్ ప్రాథమిక పాఠశాలనూ పక్కనున్న ఇళ్లనూ ముంచేసింది. 144 మంది చనిపోయారు. వారిలో 116 మంది పిల్లలే.

ఆ ఊటల సంగతి ఎవరికీ తెలియదన్నట్టు మాట్లాడారు బొగ్గు బోర్డు అధ్యక్షుడు లార్డ్ రాబెన్స్. కానీ విచారణ సంఘం 76 రోజులు కూర్చుని, 136 మంది సాక్షుల్ని విని, 1967లో తప్పు బొగ్గు బోర్డుదేనని తేల్చింది. ఆశ్చర్యమేంటంటే, బోర్డులో ఒక్కరి ఉద్యోగమూ పోలేదు. గని కుప్పల భద్రత కోసం ప్రత్యేక చట్టం మాత్రం 1969లో వచ్చింది. 1989లో ఆ గని కూడా మూతపడింది.

స్కాట్లాండ్ జాతీయ గ్రంథాలయం పుణ్యమా అని ఆ పాత పటాల్ని ఇప్పుడు ఎవరైనా ఇంట్లో కూర్చునే కంప్యూటర్‌లో చూడొచ్చు. చాలామంది తాతముత్తాతల ఇల్లు ఎక్కడుందో వెతుక్కుంటారు. అబర్‌ఫాన్ పటం తెరిచినవాళ్ల చూపు మాత్రం కొండవాలు దగ్గర ఆగిపోతుంది. అక్కడ సన్నటి గీతలు కనిపిస్తాయి. నీళ్లు పారే దారులవి. ఎవరో సర్వేయరు కొండెక్కి, కళ్లారా చూసి, శ్రద్ధగా గీసిపెట్టినవి. ఆయన పని ఆయన చేశాడు. ఎనభై నాలుగేళ్ల తర్వాత చూడాల్సిన వాళ్లే చూడలేదు.